యథార్థ హృదయం, నేర్పున్న చేతులు: క్రైస్తవ నాయకుడు శ్రేష్ఠతను ఎలా వెతకాలి?

ప్రశ్న: మా సంఘంలో యూత్ బాధ్యత నాకు అప్పగిస్తున్నారు. పెద్దల కమిటీలో కూడా చోటు ఇస్తామంటున్నారు. చేసే పని మంచిగా, లోపం లేకుండా చేయాలని నా ఆశ. అయితే కొందరు "ప్రార్థన ఉంటే చాలు, ప్లానింగు ట్రైనింగు లోక పద్ధతులు" అంటున్నారు. ఇంకొందరు మేనేజ్‌మెంట్ కోర్సు చేయమంటున్నారు. వయసులో నాకంటే పెద్దవాళ్ళు కొందరికి నన్ను పెట్టడం ఇష్టం లేదు. క్రైస్తవ నాయకుడు శ్రేష్ఠతను కోరుకోవడం తప్పా? తప్పు కాకపోతే దేనిమీద పని చేయాలి?

జవాబు:

వందనాలు బ్రదర్.

మొదటి ప్రశ్నకు జవాబు చిన్నదే. తప్పు కాదు. అధ్యక్ష పదవిని, అంటే సంఘాన్ని చూసుకునే పెద్ద బాధ్యతను, ఆశించేవాడు దొడ్డపనిని అపేక్షిస్తున్నాడని తిమోతికి రాసిన మొదటి పత్రిక మూడో అధ్యాయం మొదట్లోనే ఉంది. పౌలు ఆ ఆశను తప్పు పట్టలేదు. ఆశపడిన మనిషి ఎలాంటివాడో చూడమన్నాడు. ఆ కింద రాసిన లక్షణాలు నింపాదిగా చదవండి. మితానుభవం, స్వస్థబుద్ధి, అతిథిప్రియత్వం, ధనాపేక్ష లేకపోవడం, జగడమాడకపోవడం, ఇంటిని చక్కగా ఏలుకోవడం, సంఘానికి బయట ఉన్నవాళ్ళ దగ్గర మంచి సాక్ష్యం. బోధించగలగడం ఒక్కటి పక్కన పెడితే దాదాపు అన్నీ మనిషి స్వభావానికి సంబంధించినవే. మనం నాయకుణ్ణి వెతికేటప్పుడు ఈ వరుస తలకిందులవుతుంది. మాట బాగుందా, పాట బాగుందా, జనాన్ని పోగుచేయగలడా అని ముందు చూస్తాం. మిగతావి తర్వాత చూద్దాంలే అనుకుంటాం. ఆ తర్వాత చూసే రోజు సాధారణంగా ఏదో ఒక గొడవ బయటపడిన రోజే అవుతుంది.

ఇక ప్రార్థనా, ప్లానింగా అనే తగువు. ఇది మనం పెట్టుకున్న తగువే గాని బైబిల్లో లేదు. పర్షియా రాజు దగ్గర పానదాయకుడిగా ఉన్న నెహెమ్యా సంగతి తీసుకోండి. యెరూషలేము గోడలు కూలిపోయి ఉన్నాయన్న వార్త అతనికి కిస్లేవు నెలలో వచ్చింది. రాజు ముందు నోరు విప్పింది నీసాను నెలలో. మధ్యలో దాదాపు నాలుగు నెలలు. ఏడ్చాడు, ఉపవాసం ఉన్నాడు, ప్రార్థించాడు. అయితే రాజు "నీకేం కావాలి, ఎన్నాళ్ళు పడుతుంది" అని అడిగినప్పుడు అతను తడబడలేదు. ఎంత కాలమో చెప్పాడు. నది అవతలి అధికారులకు ఉత్తరాలు కావాలన్నాడు. రాజు అడవిని కాసే ఆసాపు పేరు చెప్పి, ఫలానా గుమ్మాలకు, గోడకు, తను ఉండే ఇంటికి మ్రాకులు కావాలన్నాడు. ఇవన్నీ రాజు ఎదురుగా నిలబడిన ఆ క్షణంలో తట్టే విషయాలు కావు. ప్రార్థించిన ఆ నెలల్లోనే లెక్కలు కూడా వేసుకున్నాడని నాకనిపిస్తుంది. రాజు అడిగిన ప్రశ్నకూ అతను చెప్పిన జవాబుకూ మధ్య మళ్ళీ ఒక చిన్న ప్రార్థన కూడా ఉంది. చేరిన తర్వాత మూడు రోజులు ఎవరికీ ఏమీ చెప్పకుండా, రాత్రిపూట కొద్దిమందితో గోడ చుట్టూ తిరిగి పరిస్థితి కళ్ళారా చూశాడు. ఆ తర్వాతే జనంతో మాట్లాడాడు. గోడ 52 రోజుల్లో లేచింది. మూడో అధ్యాయమంతా ఎవరు ఏ భాగం కట్టారో పేర్లతో ఉంటుంది. చాలామందికి ఎవరింటి ఎదుట భాగం వాళ్ళకే పడింది. ఇందులో ఎక్కడ ప్రార్థన ఆగి ఎక్కడ ప్రణాళిక మొదలైందో నేను విడదీసి చెప్పలేను.

నాకు ఈ విషయంలో దారి చూపే వాక్యం 78వ కీర్తన చివరి వచనం. దావీదు యథార్థ హృదయంతో ప్రజలను పాలించాడనీ, కార్యాల్లో నేర్పరియై వాళ్ళను నడిపించాడనీ అక్కడ ఉంది. హృదయంలో యథార్థత, పనిలో నేర్పు. రెండూ ఒకే వచనంలో, ఒకే మనిషి గురించి. మీరు శ్రేష్ఠత అంటున్నది నా దృష్టిలో ఈ రెండూ కలిసి ఉండటమే.

ఒకటి ఉండి ఒకటి లేకపోతే ఏమవుతుందో సేవలో ఉన్నవాళ్ళందరం చూస్తూనే ఉంటాం. యథార్థత ఉండి నేర్పు లేని మనిషిని అందరూ ప్రేమిస్తారు. కాని మీటింగులు గంటల తరబడి సాగి నిర్ణయం లేకుండా ముగుస్తాయి, హాస్పిటల్లో ఉన్న విశ్వాసిని చూడటానికి ఎవరూ వెళ్ళరు, ఎందుకంటే ఎవరికి వాళ్ళు ఇంకొకరు వెళ్ళి ఉంటారనుకుంటారు. బోధ ప్రతివారం అదే మూడు నాలుగు విషయాల చుట్టూ తిరుగుతుంది. గొర్రెలు కాపరిని ప్రేమిస్తూనే ఆకలితో ఉంటాయి. నేర్పు ఉండి యథార్థత లేని మనిషి వల్ల జరిగేది ఇంతకంటే ఘోరం. అతని కింద పని జోరుగా నడుస్తుంది కాబట్టి ఏళ్ళ తరబడి ఎవరికీ అనుమానం రాదు. బయటపడేసరికి ఎంతోమంది విశ్వాసం దెబ్బతిని ఉంటుంది. కొందరు మళ్ళీ ఏ సంఘం గడపా తొక్కరు.

కాబట్టి మేనేజ్‌మెంట్ కోర్సు చేయమన్నవాళ్ళ మాట తోసిపుచ్చకండి. మీటింగు నడపడం, పని పంచడం, లెక్క రాయడం, రెండువైపుల మాట విని తగాదా తీర్చడం నేర్చుకుంటే వచ్చే పనులు. ప్రత్యక్ష గుడారం పనికి దేవుడు బెసలేలును పేరు పెట్టి పిలిచి ఆత్మతో నింపాడని నిర్గమకాండం 31లో ఉంది. ఆ నింపుదల బంగారం, వెండి, ఇత్తడి పని చేయడానికి, రాళ్ళు సానబట్టడానికి, కర్ర చెక్కడానికి. చేతి నేర్పు ఆత్మకు వ్యతిరేకమైతే ఆ అధ్యాయానికి అర్థమే లేదు. కోర్సులో నేర్చుకునేదాంట్లో ఒకటి మాత్రం గుమ్మం బయటే వదిలేయాలి. పక్కవాడిని దాటడమే గెలుపు అనే ఆలోచన. మత్తయి 25లో యేసు చెప్పిన ఉపమానంలో, యజమాని డబ్బు అప్పగించిన దాసుల్లో అయిదు తలాంతులవాడికీ రెండు తలాంతులవాడికీ యజమాని చెప్పిన మెప్పు మాటలు ఒక్కటే. రెండు తలాంతులవాడు అయిదు తలాంతులవాడితో పోల్చుకుని కుమిలిపోలేదు, తన రెంటికి ఇంకో రెండు సంపాదించాడు. మీ యూత్‌కి ఇరవైమంది వస్తే ఆ ఇరవైమంది విషయంలోనే దేవుడు మిమ్మల్ని లెక్క అడుగుతాడు. పక్క సంఘంలో రెండువందలమంది వస్తున్నారన్న టెన్షన్ మీకు అక్కర్లేదు.

యాకోబు, యోహాను కుడిఎడమల కూర్చునే చోటు అడిగినప్పుడు యేసు ఇచ్చిన జవాబు మీకు తెలిసిందే, మార్కు 10. గొప్పవాడు కావాలనుకునేవాడు పరిచారకుడు కావాలి. గొప్పతనాన్ని కోరుకోవద్దని ఆయన అనలేదు, అది ఏ దారిలో దొరుకుతుందో చెప్పాడు. ఈ వాక్యం మీద ప్రసంగాలు చాలా వింటాం కాబట్టి ఎక్కువ చెప్పను. ఒక్క పరీక్ష చెబుతాను: మీరు లేని చోట మీ కింద పనిచేసే వాలంటీర్లు మీతో పనిచేయడం వల్ల బలపడ్డామని అనుకుంటున్నారా, వాడుకుని వదిలేశాడని అనుకుంటున్నారా? పరిచర్య ఎవరు ఎవరికి చేస్తున్నారో అక్కడ తెలుస్తుంది.

ఇప్పుడు డబ్బు సంగతి. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే యూత్ ఫండ్ చిన్నదే కదా అని అందరూ తేలిగ్గా తీసుకుంటారు. యెరూషలేములోని బీద పరిశుద్ధుల కోసం పౌలు మాసిదోనియ, అకయ సంఘాల నుంచి చందా పోగుచేశాడు. రెండో కొరింథీ పత్రిక ఎనిమిదో అధ్యాయంలో ఆ డబ్బు విషయం ఎంత జాగ్రత్తగా చూశాడో గమనించండి. తీతును పంపాడు. అతనితో ఇంకో ఇద్దరు సహోదరులను పంపాడు. వాళ్ళలో ఒకరిని సంఘాలే ఏర్పరచుకున్నాయి, అంటే పౌలు మనిషి కాదు, ఇచ్చినవాళ్ళ మనిషి. ఇంత ధర్మం విషయంలో మా మీద ఎవరూ తప్పు మోపకూడదని ఇలా చేస్తున్నామన్నాడు. ప్రభువు దృష్టిలోనే కాకుండా మనుషుల దృష్టిలో కూడా యోగ్యంగా ఉండాలని చూసుకుంటున్నామన్నాడు. అపొస్తలుడు ఆయన. "నా హృదయం దేవునికి తెలుసు, మీకు లెక్క చెప్పేదేంటి" అనగలిగిన స్థానం. అనలేదు. ఈ రోజుల్లో ఆ మాట అన్న నాయకుణ్ణి చూస్తే నాకు భయం వేస్తుంది. సమూయేలు ముసలితనంలో జనమందరి ఎదుట నిలబడి, నేను ఎవరి ఎద్దు తీసుకున్నాను, ఎవరి గాడిదను పట్టుకున్నాను, ఎవరి దగ్గర లంచం పుచ్చుకున్నాను, చెప్పండి, తిరిగి ఇచ్చేస్తానని అడిగాడు. అలా అడగగలగాలంటే ముందునుంచీ అలా బతికి ఉండాలి.

ఆచరణలో దీని అర్థం ఏంటంటే, కానుకలు ఎప్పుడూ ఇద్దరు కలిసి లెక్కపెట్టాలి, ఆ ఇద్దరూ ఒకే కుటుంబంవాళ్ళు కాకూడదు. లెక్క అక్కడే రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి. సంఘం డబ్బు ఒక్క రోజు కూడా మీ సొంత అకౌంట్‌లో పడకూడదు, ఫోన్ ద్వారా పంపేవి కూడా. ఒక అవసరం పేరు చెప్పి అడిగిన డబ్బు ఆ అవసరానికే ఖర్చు కావాలి. మిగిలితే ఇచ్చినవాళ్ళకు చెప్పి, వాళ్ళు ఒప్పుకున్నాకే ఇంకో పనికి వాడాలి. మీకు జీతమో, ప్రయాణ ఖర్చులో ఇస్తుంటే ఎంత ఇవ్వాలో మీరు లేనప్పుడు మిగతా పెద్దలు కూర్చుని తేల్చాలి. ఏడాదికోసారి ఆదాయం, ఖర్చు సంఘమంతటి ముందు చదవాలి. అడిగే ప్రశ్నలకు ఓపిగ్గా జవాబు చెప్పాలి. ఇదంతా అపనమ్మకం కాదు బ్రదర్. ఎవరైనా రేపు నిందవేస్తే మీ తరఫున మాట్లాడేది ఈ కాగితాలే.

దీనికి చరిత్రలో ఒక మంచి ఉదాహరణ ఉంది. 1948లో కాలిఫోర్నియాలోని మోడెస్టోలో సువార్తికుడు బిల్లీ గ్రాహం, ఆయన తోటి పరిచారకులు క్లిఫ్ బారోస్, జార్జ్ బెవర్లీ షియా, గ్రేడీ విల్సన్ కూర్చుని, సువార్తికులకు చెడ్డపేరు తెస్తున్న విషయాలు ఏమిటని తమలో తాము ప్రశ్నించుకున్నారు. నాలుగు తేలాయి. డబ్బు, లైంగిక పాపం, స్థానిక సంఘాలను కించపరచడం, వచ్చిన జనం లెక్కను పెంచి చెప్పడం. ఈ నాలుగింటిలో ఎలా నడుచుకోవాలో అప్పుడే ఒప్పందం చేసుకున్నారు. నన్ను బాగా ఆలోచింపజేసేది ఆ ఒప్పందం చేసుకున్న సమయం. ఏ నిందా రాకముందే, పేరు ఇంకా పెద్దగా పెరగకముందే చేసుకున్నారు. తర్వాత 1979లో అమెరికాలోనే క్రైస్తవ సంస్థల ఆర్థిక వ్యవహారాలకు ప్రమాణాలు పెట్టే ఎవాంజెలికల్ కౌన్సిల్ ఫర్ ఫైనాన్షియల్ అకౌంటబిలిటీ ఏర్పడింది. నియమాలు ముందే ఉంటే, శోధన వచ్చినప్పుడు ఏం చేయాలని కొత్తగా ఆలోచించాల్సిన పని ఉండదు.

ఆ నాలుగో విషయం, లెక్క పెంచి చెప్పడం, చిన్నదిగా కనిపిస్తుంది గాని కాదు. క్యాంపుకు ఎనభైమంది వస్తే రిపోర్టులో వందకు పైగా అని రాస్తాం. ఒకరికి జ్వరం తగ్గితే సాక్ష్యంలో అది ఇంకేదో అవుతుంది. దేవుని మహిమ కోసమే కదా అనుకుంటాం. సత్యానికి దేవుడైనవాడి మహిమకు అబద్ధం సాయం అవసరం లేదు. యూత్‌లో ఉన్న పిల్లలకు ఇది వెంటనే తెలిసిపోతుంది, ఆ క్యాంపులో వాళ్ళూ ఉన్నారు కాబట్టి.

పిల్లలు, యువతులు మీ బాధ్యతలో ఉంటారు కాబట్టి ఇంకో సంగతి గట్టిగా చెప్పాలి. తలుపు వేసిన గదిలో ఒక్కరితో ఒక్కరు కౌన్సెలింగ్ వద్దు. పిల్లలతో ఉండే ప్రతి చోటా కనీసం ఇద్దరు పెద్దవాళ్ళు ఉండాలి. క్యాంపులకు వెళ్ళినా ఇదే నియమం. అర్ధరాత్రి మెసేజీలు వద్దు. ఎవరైనా పిల్లవాడో పిల్లో తనకు హాని జరిగిందని చెబితే ముందు వినండి, నమ్మండి, ఆ బిడ్డను కాపాడండి. అది చట్టం దృష్టిలో నేరమైతే సంఘం పరువు పోతుందని లోపల సర్దుబాటు చేయకూడదు. చట్టప్రకారం ఎవరికి చెప్పాలో వాళ్ళకు చెప్పాలి. చిన్నవారిలో ఒకరిని అభ్యంతరపరిచేవాడికి మెడకు తిరగటి రాయి కట్టి సముద్రంలో పడేయడమే మేలని యేసు అన్న మాట కంటే కఠినమైన మాట సువార్తల్లో ఎక్కువ లేదు. సంఘం పరువు ఆ బిడ్డ కంటే ఎక్కువ కాదు.

ఇప్పుడు నాయకుడికి అన్నిటికంటే కష్టమైన చోటికి వద్దాం. దిద్దుబాటు. ఇశ్రాయేలు రాజులు సౌలు, దావీదు ఇద్దరూ పాపం చేశారు. నిజానికి దావీదు చేసింది ఇంకా ఘోరం. తేడా ఎక్కడ వచ్చిందంటే ప్రవక్త వచ్చి నిలదీసినప్పుడు. సమూయేలు నిలదీస్తే సౌలు మొదట నేను దేవుని మాట విన్నానన్నాడు, తర్వాత జనం చేశారన్నాడు, చివరికి పాపం చేశానని ఒప్పుకుంటూనే పెద్దల ముందు నన్ను ఘనపరచమని అడిగాడు. నాతాను నిలదీస్తే దావీదు నేను పాపం చేశానన్నాడు, ఇంకో మాట కలపలేదు. పర్యవసానాలు అనుభవించాడు కూడా. నాయకుణ్ణి అంచనా వేయడానికి నేను చూసేది ఎక్కువగా ఇదే. తప్పు చెప్పినప్పుడు అతని నోటి నుంచి మొదట ఏ మాట వస్తుంది?

సొలొమోను కొడుకు రెహబాము రాజు కథ కూడా చదవండి, మొదటి రాజులు 12. జనం కాడి తేలిక చేయమని అడిగారు. తండ్రి దగ్గర పనిచేసిన పెద్దలు ఈ రోజు నువ్వు వీళ్ళకు దాసుడివైతే వీళ్ళు ఎప్పటికీ నీకు దాసులుగా ఉంటారన్నారు. తనతో పెరిగిన యువకులు ఇంకా బరువు వేయమన్నారు. తనకు నచ్చే మాట చెప్పినవాళ్ళ మాటే విన్నాడు. పది గోత్రాలు చెయ్యి జారిపోయాయి. మీ చుట్టూ మీ వయసువాళ్ళే, మీ మాటకు తలూపేవాళ్ళే ఉంటే మీ పరిస్థితీ అంతే. మీకు వద్దు అని చెప్పే హక్కున్న మనిషి కనీసం ఒకరు ఉండాలి, ఆ హక్కు సంఘంలో అందరికీ తెలిసి ఉండాలి.

ఇక్కడ మన సంఘాల్లో తరచూ వినిపించే ఒక మాట గురించి చెప్పకుండా ఉండలేను. దేవుని అభిషిక్తులను ముట్టకూడదు అంటారు. ప్రశ్న అడిగినవాళ్ళ నోరు మూయించడానికి దీన్ని వాడతారు. ఆ మాటను దావీదు ఎలా ఆచరించాడో మొదటి సమూయేలు 24లో ఉంది. గుహలో సౌలు తన చేతికి చిక్కినా దావీదు చంపలేదు. కానీ ఆ వెంటనే బయటికి వచ్చి, సౌలును పిలిచి, నేను నీకు ఏ కీడూ చేయలేదు, నువ్వెందుకు నా ప్రాణం తీయాలని వెంటాడుతున్నావని సూటిగా అడిగాడు. యెహోవా మనిద్దరి మధ్య న్యాయం తీరుస్తాడన్నాడు. ముట్టకపోవడం అంటే హాని చేయకపోవడం. నిలదీయకపోవడం అని దావీదు అనుకోలేదు. పౌలు కూడా మొదటి తిమోతి 5లో రెండు వైపులా కాపాడాడు. ఇద్దరు ముగ్గురు సాక్షులు ఉంటేనే పెద్ద మీద ఫిర్యాదు తీసుకోమన్నాడు, ఇది నాయకుడికి రక్షణ. పాపం చేసినవాళ్ళను అందరి ఎదుట గద్దించమన్నాడు, ఇది సంఘానికి రక్షణ. మొదటిది మాత్రమే గుర్తుంచుకునే పెద్దలున్న చోట శ్రేష్ఠత గురించి మాట్లాడటం వృథా.

దిద్దే పద్ధతి కూడా ఉంది. అంతియొకయలో పేతురు యూదులు కాని విశ్వాసులతో భోజనం మానేసి వెనక్కి తగ్గినప్పుడు పౌలు అందరి ఎదుటే ఎదిరించాడు, ఎందుకంటే ఆ తప్పు అందరి ఎదుటే జరిగింది, సువార్త సత్యానికే దెబ్బ తగిలింది. ఎఫెసులో అపొల్లో విషయంలో అలా జరగలేదు. అతను మంచి వక్త, లేఖనాల్లో ప్రవీణుడు, కాని యోహాను బాప్తిస్మం వరకే తెలుసు. ప్రిస్కిల్ల, అకుల అతన్ని సమాజమందిరంలో అందరి ముందు నిలబెట్టి దిద్దలేదు, తమతో తీసుకెళ్ళి దేవుని మార్గాన్ని మరింత పూర్తిగా వివరించారు. అతనూ విన్నాడు. తర్వాత అకయలో విశ్వాసులకు ఎంతో సహాయపడ్డాడు. ఏ తప్పును ఎక్కడ దిద్దాలో తెలియడం నేర్పులో భాగమే. మీకంటే పెద్దవాళ్ళతో మీకు ఎక్కువగా అవసరమయ్యేది ఈ రెండో పద్ధతే. ముసలివాడిని గద్దింపక తండ్రిలా భావించి హెచ్చరించమని తిమోతికి పౌలు చెప్పింది కూడా ఇదే.

ఆ పెద్దవాళ్ళ గురించే ఇంకొంచెం. మిమ్మల్ని పెట్టడం ఇష్టం లేదన్నవాళ్ళు మీకు శత్రువులు కారు. 1782లో చార్లెస్ సిమియన్ ఇరవై మూడేళ్ళ వయసులో కేంబ్రిడ్జిలోని హోలీ ట్రినిటీ చర్చికి కాపరిగా వచ్చాడు. ఆ సంఘంవాళ్ళు కోరుకున్నది వేరే మనిషిని. తమ సొంత కూర్చునే చోట్లకు తాళాలు వేసుకుని ఆదివారం ఆరాధనకే రాలేదు. వినడానికి వచ్చినవాళ్ళ కోసం ఆయన తన డబ్బుతో నడవల్లో బెంచీలు వేయిస్తే చర్చి వార్డెన్లు వాటిని బయట పడేశారు. ఆయన ఎదురుదాడికి దిగలేదు, వదిలి వెళ్ళిపోనూ లేదు. ప్రసంగాలకు శ్రద్ధగా సిద్ధపడుతూ, జనాన్ని కలుస్తూ అక్కడే ఉన్నాడు. 1836లో చనిపోయేవరకు, 54 ఏళ్ళు, అదే సంఘం. ఆయన దగ్గర నేర్చుకున్న విద్యార్థులు ఎందరో కాపరులుగా, మిషనరీలుగా వెళ్ళారు. మీ పరిస్థితి తాళాలు వేసేంత వరకు వచ్చి ఉండదు. వెళ్ళి వాళ్ళ ఇళ్ళలో కూర్చోండి. ఈ సంఘం ఎలా మొదలైందో వాళ్ళను చెప్పమనండి, వినండి. వాళ్ళ అభ్యంతరంలో నిజం ఉంటే ఒప్పుకోండి. క్రొత్తగా చేరినవాణ్ణి అధ్యక్షుణ్ణి చేయొద్దని పౌలు ఊరికే అనలేదు. వరం త్వరగా కనబడుతుంది, స్వభావం గట్టిపడటానికి కాలం పడుతుంది.

పని పంచుకోవడం గురించి మోషేకు అతని మామ యిత్రో ఇచ్చిన సలహా, నిర్గమకాండం 18, అందరికీ తెలుసు. వెయ్యిమందికి, వందమందికి, యాభైమందికి, పదిమందికి ఒక్కొక్కరు. ఆ మనుషులు సమర్థులై, దేవునికి భయపడేవాళ్ళై, లంచాన్ని అసహ్యించుకునేవాళ్ళై ఉండాలన్నాడు. మళ్ళీ నేర్పూ యథార్థతా కలిసే ఉన్నాయి. నేను మీకు గుర్తుచేయాలనుకున్నది మెథడిస్టు ఉద్యమాన్ని నడిపిన జాన్ వెస్లీ కాలంలో జరిగింది. 1742లో బ్రిస్టల్‌లో మందిరం అప్పు తీర్చడానికి ప్రతి సభ్యుడూ వారానికి ఒక పెన్నీ ఇవ్వాలని, సుమారు పన్నెండుమందికి ఒకరు వాళ్ళను కలిసి వసూలు చేయాలని అనుకున్నారు. అలా ఇళ్ళకు వెళ్ళినవాళ్ళకు ఎవరింట్లో తాగుడు ఉందో, ఎవరు విశ్వాసంలో చల్లబడ్డారో తెలియడం మొదలైంది. వెస్లీ అందులో ఉన్న విలువ వెంటనే పట్టుకున్నాడు. మెథడిస్టు క్లాస్ మీటింగ్ అలా వచ్చింది. మీ యూత్ మొత్తాన్ని మీరొక్కరే చూసుకోలేరు. చిన్న చిన్న గుంపులు చేసి, ఒక్కో గుంపుకు నమ్మకమైన ఒకరిని పెట్టి, నెలకోసారి ఆ నాయకులతో మీరు కూర్చుంటే ఎవరూ మీకు తెలియకుండా తప్పిపోరు.

మీ తర్వాత ఎవరు అనేది ఇప్పుడే ఆలోచించండి. బర్నబా తార్సుకు వెళ్ళి సౌలును, అంటే తర్వాత పౌలుగా పేరుపొందినవాణ్ణి, వెతికి అంతియొకయకు తెచ్చాడు. అపొస్తలుల కార్యాల్లో మొదట బర్నబా, సౌలు అని ఉంటుంది. 13వ అధ్యాయం మధ్యలోంచి పౌలు, బర్నబా అవుతుంది. బర్నబా దీనికి బాధపడ్డాడని ఒక్క మాట కూడా లేదు. మీరు తయారుచేసిన కుర్రాడు మీకంటే బాగా మాట్లాడిన రోజున మీ మనసులో ఏం కదులుతుందో గమనించుకోండి, దాన్ని దేవుని ముందు దాచకండి.

ప్రసంగం సిద్ధపాటు, ఇంటికి సమయం, విశ్రాంతి గురించి మీకు వేరే చెప్పక్కర్లేదు. ఒక్క మాట. ఆత్మ నడిపిస్తాడు అంటూ సిద్ధపడకుండా వేదిక ఎక్కడం అలవాటు చేసుకోకండి. మలాకీ మొదటి అధ్యాయంలో కుంటిదాన్ని, రోగం ఉన్నదాన్ని బలిగా తెచ్చినవాళ్ళతో దేవుడు వాటిని నీ అధికారికి ఇచ్చి చూడు, అతను సంతోషిస్తాడా అని అడిగాడు. అనుకోకుండా వచ్చే అవసరాలు వేరు, ప్రతి వారం అదే సాకు వేరు. అలాగే మీ భార్యకు, పిల్లలకు మీ మిగిలిపోయిన ఓపిక మాత్రమే దక్కితే ఇంటిని ఏలుకోవడం గురించి పౌలు చెప్పింది మీరు పక్కన పెట్టినట్టే.

చివరగా, రెండు బాధ్యతలూ ఒకేసారి తీసుకోవాలా అని మీరు నేరుగా అడగలేదు గాని నేను చెబుతాను. తీసుకోకండి. పరిచారకులను మొదట పరీక్షించాలని మొదటి తిమోతి 3:10లో ఉంది. యూత్ బాధ్యత తీసుకుని ఒక సంవత్సరం నమ్మకంగా చేయండి. కమిటీ సంగతి ఆ తర్వాత చూడమని పెద్దలతో చెప్పండి. బాధ్యత ఒప్పుకునే ముందు వాళ్ళను మూడు సంగతులు అడగండి: నేను ఏయే పనులకు జవాబుదారీ, నన్ను ప్రశ్నించే హక్కు ఎవరికి ఉంది, ఎంత కాలానికి ఈ పని మళ్ళీ పరిశీలిస్తారు. జవాబులు నోటిమాటగా వదిలేయకుండా ఆ రోజు మినిట్స్‌లో రాయించి, ఒక కాపీ మీ దగ్గర పెట్టుకోండి. యూత్ ఫండ్ లెక్కల పుస్తకం పాత నాయకుడి దగ్గర నుంచి తీసుకునేటప్పుడు కూడా ఇద్దరు పెద్దల ఎదుట నిల్వ సరిచూసి, సంతకాలు చేయించుకుని తీసుకోండి.